ఏడుపు ఆగిన పూట

మాచ్‌ఖండ్
9 జూలై 2023

అమ్మీ మోనికా,

అత్త ఆశీస్సులు. ప్రభువు దయవల్ల ఇక్కడ ముగ్గురం బాగున్నాం. నేను, నా కొడుకు, నీ కూతురు. ముగ్గురిలో ఒక్కరం కూడా మాట వినేవాళ్ళం కాదు. నాకు చెవులు లేవు, ఇజ్రాయెల్‌కి పవర్‌హౌస్ తప్ప ధ్యాస లేదు, ఏడాదిన్నర ఆనీకి వినే వయసు లేదు.

మొన్న వీడియోలో పావుగంట మాట్లాడావు. పెదవులు కదిలాయి, నవ్వావు, కళ్ళు తుడుచుకున్నావు. నాకు తెలిసింది అంతే. చెవి మిషను పెట్టుకుంటే ఫోన్లో ఈల తప్ప ఏమీ వినపడదు. నీ మొగుణ్ణి అడిగితే, పెదవులు చూసి పోల్చుకునేలా నా ఎదురుగా నిలబడి "ఏటీ నేదమ్మా, బాగుందట" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. నువ్వూ రాయి. నా తమ్ముడి కూతురివి, కోడలివి కాకముందే నా ఒళ్ళో పెరిగినదానివి. నాకు రాయడానికి మాటలు వెతుక్కోనక్కర్లేదు.

నీ కూతురు ఒక సంగతి కనిపెట్టింది. దూరం నుంచి పిలిస్తే మామ్మ పలకదని దానికి తెలిసిపోయింది. దగ్గరికి వచ్చి నా గడ్డం పట్టుకుని, మొహం తనవైపు తిప్పుకుని, అప్పుడు "మామ్మ" అంటుంది. నేను పలికేదాకా వదలదు. బడిలో అన్నేళ్ళు పాఠాలు చెప్పాను కానీ ఇంత ఓపికైన పంతులమ్మని చూడలేదు.

వానలు మొదలైనప్పటి నుంచి గోడలన్నీ చెమ్మ. బట్టలు ఆరవు. సంతలో వెదురు కొమ్ములు వచ్చాయి, ఆవపిండి వేసి వండాను. పాపకి చోడి అంబలి పడుతోంది. కొంచెం జలుబు చేసి ముక్కు కారుతోంది. ఛాతీకి వాము నూనె రాస్తున్నాను.

నర్సుల హాస్టల్లో పిల్లల్ని ఉండనివ్వకపోతే నువ్వు మాత్రం ఏం చేస్తావు? క్వార్టర్ ఇచ్చేదాకా నా దగ్గరుంటుంది. రాయగడలో పరాయి పిల్లలకి సేవ చేస్తూ మన పిల్ల కోసం ఏడవకు. వేళకి తిను.

నీ అత్త
పుష్పకుమారి


రాయగడ
17 జూలై 2023

అత్తకి వందనాలు.

నీ ఉత్తరం అందింది. గడ్డం పట్టుకుని తిప్పడం దగ్గర ఆగిపోయి నాలుగుసార్లు చదువుకున్నాను. నా పక్క మంచం సిస్టర్‌కి కూడా చదివి వినిపించాను. ఆమె ఒడియా మనిషి, ఒక్క ముక్క అర్థం కాకపోయినా నవ్వింది.

వాము నూనె ఛాతీకి రాస్తే రాయి, ముక్కులో మాత్రం వేయకు. జలుబుకి మందులు పోయకు అత్తా. అదే తగ్గిపోతుంది. ఇజ్రాయెల్ కంగారుపడి కొట్టువాడు ఇచ్చే సీసాలన్నీ తెస్తాడు, నువ్వు పట్టించుకోకు.

ఇక్కడ వార్డు నిండిపోయింది. మంచానికి ఇద్దరు పిల్లలు. లక్ష్మీపూర్ కొండల నుంచి మొన్న ఒకావిడ పిల్లవాణ్ణి వీపుకి కట్టుకుని వచ్చింది. విరేచనాలు. కళ్ళు లోపలికి పోయాయి, పొట్ట మీద చర్మం పట్టుకుని వదిలితే మడత అలాగే ఉంది. సెలైన్ ఎక్కించాక సాయంత్రానికి నా పెన్ను లాక్కున్నాడు. అలాంటప్పుడు ఈ ఉద్యోగం మంచిదే అనిపిస్తుంది. ఆ వెంటనే మన పిల్ల గుర్తొస్తుంది.

ఆగస్టు పదిహేనుకి సెలవు అడిగాను. వస్తాను. దానికి అమ్మ మొహం మరిచిపోనివ్వకు.

నీ మోనికా


రాయగడ
27 ఆగస్టు 2023

అత్తకి,

నువ్వు అన్నం ముట్టడం లేదని ఇజ్రాయెల్ చెప్పాడు. మందు బిళ్ళలు కూడా వేసుకోవడం లేదట. అలా చేయకు.

ఆనీని సమాధి చేసిన మూడో నాడే డ్యూటీకి వెళ్ళిపోయానని నువ్వు బాధపడ్డావని తెలుసు. అక్కడ ఉండలేకపోయాను. అంతకన్నా చెప్పలేను.

ఒక్క సంగతి చెప్పాలని రాస్తున్నాను. ఆనీకి వచ్చింది నిమ్ము. ఊపిరితిత్తులకి పట్టింది. చాలా గట్టిగా పట్టింది. అలాంటిది వస్తే ఎవరం ఏమీ చేయలేం. నేను పక్కనే ఉన్నా ఆగేది కాదు. పెద్దాసుపత్రిలో ఉన్నా ఆగేది కాదు. నువ్వు చేయాల్సినవన్నీ చేశావు. ఇది మనసులో పెట్టుకో.

దసరాకి రాలేను. సెలవు లేదు.

మోనికా


మాచ్‌ఖండ్
20 సెప్టెంబరు 2023

అమ్మీ,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. నీ మాట పట్టుకుని రెండు పూటలా తింటున్నాను. "ఎవరం ఏమీ చేయలేం" అన్న వాక్యం కింద గీత గీసుకున్నాను. అది చదువుకుంటేనే నిద్ర పడుతోంది.

అయినా ఆ రోజు సంగతి నీకు చెప్పాలి. నన్ను ఎవరూ అడగలేదు. నువ్వూ అడగలేదు. సమాధుల తోటలో నా వైపు చూడలేదు. మీ నాన్నకి ఉత్తరం రాశావట కదా, చెవిటిదాని దగ్గర పిల్లని వదలడం తప్పయిందని. తమ్ముడు నాకు చెప్పకుండా ఉండలేకపోయాడు. నిజమే రాశావు. అందుకే నేనే చెబుతాను, విను.

ముందు రోజు నుంచి ఒళ్ళు కాలిపోతోంది. రాత్రంతా ఏడుస్తూనే ఉంది. తెల్లారాక ఇజ్రాయెల్ డ్యూటీకి దిగబోతూ దాన్ని ముట్టుకుని, "ఏటమ్మా, ఇంకా ఒల్లు కాల్తంది. ఆస్పత్రికి తీసుకెల్దుమా?" అన్నాడు. "మోనికా అదే తగ్గిపోతుందని రాసింది కదరా. మధ్యాహ్నం నువ్వొచ్చాక చూద్దాం, ఎల్లు" అన్నాను. నీ తప్పని అనడం లేదు అమ్మీ. ఉన్నది చెబుతున్నాను. నీ మాటే నాకు ధైర్యం.

వాడు వెళ్ళాక పాలు పట్టాను. ఒక గుక్క తాగి పొదుగు వదిలేసిన దూడలా మొహం తిప్పేసుకుంది. ఆకలి లేదనుకున్నాను. భుజాన వేసుకున్నాను. ఊపిరి తీసినప్పుడల్లా తల చిన్నగా ఊగుతోంది. కునికిపాట్లు పడుతోందనుకున్నాను. కాసేపటికి ఏడుపు ఆగింది. మంచం మీద పడుకోబెట్టి చేతులు పట్టుకుంటే చల్లగా ఉన్నాయి. పాదాలూ చల్లగానే ఉన్నాయి. జ్వరం దిగింది, పిల్ల నిద్రపోయింది అనుకున్నాను.

మంచం పక్కన మోకరించి దేవుడికి స్తోత్రం చెప్పాను అమ్మీ. ఇన్నేళ్ళుగా చేసిన ప్రార్థనలన్నీ వద్దు, ఆ ఒక్క స్తోత్రం వెనక్కి తీసుకోగలిగితే చాలు. తరువాత లేచి వంట చేశాను. వంకాయ కూర వండాను. దాన్ని లేపకూడదని గిన్నెలు చప్పుడు కాకుండా దించుకున్నాను. నాకు చప్పుడు తెలియదు కదా, అందుకని మరీ మెల్లగా దించాను.

ఇజ్రాయెల్ వచ్చి ఇంకా చెప్పులు విప్పలేదు. గుమ్మంలోనే ఆగిపోయి, నా మొహంలోకి చూస్తూ "అమ్మా, ఆ మూలుగేటి?" అన్నాడు. ఏ మూలుగు? నాకేం వినపడలేదు. వాడు పరిగెత్తుకెళ్ళి దుప్పటి తీశాడు. పెదవులు నేరేడుపండు తిన్నట్టున్నాయి. వాడు దాన్ని ఎత్తుకుని వీధిలోకి పరిగెత్తాడు. మన పక్కింటి సోములు జీపు తీశాడు. ఘాట్‌లోనే అయిపోయింది.

ఇప్పుడు ఒకటి అడుగుతాను. ఆ మూలుగు ఎప్పటి నుంచి ఉంది? నాకు చెవులుంటే పొద్దున్నే వినేదాన్నా? నువ్వు ఏమీ చేయలేమన్నావు కాబట్టి ధైర్యంగా అడుగుతున్నాను.

ఇంకో మాట. సోములు పెళ్ళాం దుర్గాభవాని తన పదినెలల పిల్లవాణ్ణి మళ్ళీ నా దగ్గర వదిలి నీళ్ళకి వెళుతోంది. వద్దంటే "మీరు కాకపోతే ఇంకెవుల్ని నమ్మమంటారు టీచరమ్మా" అంటుంది. వాడు దగ్గడం కంటపడితే చేతిలో పని వదిలేసి పరిగెత్తుతున్నాను. చెవులు లేనిదాన్ని, ఏం చూసుకోవాలో రాసి పంపు. ఊయల వాళ్ళకి ఇచ్చేశాను. ఇంట్లో ఖాళీగా వేలాడుతుంటే చూడలేకపోయాను.

అత్త


రాయగడ
29 అక్టోబరు 2023

అత్తకి,

ఆలస్యానికి క్షమించు. ఈ ఉత్తరం మొదలుపెట్టి మూడుసార్లు చింపేశాను.

నాన్నకి రాసింది నీ మీద నేరం కాదు. "అత్తకి వినపడదని తెలిసి కూడా ఒంటరిగా వదిలాను, తప్పు నాది" అని రాశాను. నాన్న సగం చెప్పి సగం మింగాడు. ఆయన అలవాటు నీకు తెలియనిదా?

ఊయల ఇచ్చేశావని ఇజ్రాయెల్ ముందే చెప్పాడు. నన్ను ఒక్క మాట అడగాల్సింది అత్తా. అది ఉంటుందనుకున్నాను. వచ్చినప్పుడు దాని తాడు పట్టుకుని కాసేపు కూర్చోవచ్చనుకున్నాను. పోనీలే. ఇచ్చినదాన్ని వెనక్కి అడక్కు.

మూలుగు సంగతి. ఎప్పుడు మొదలైందో ఎవరూ చెప్పలేరు. వినపడినా చేసేదేమీ లేదు. ముందే చెప్పాను కదా.

భవాని పిల్లవాడి గురించి అడిగావు. అది మాత్రం సరిగ్గా రాయాలి. నేను సరిగ్గా రాయకపోతే ఇంకో పిల్లకి ముప్పు. కానీ నాకు మాట ఇవ్వు. ఇది చదివేటప్పుడు భవాని కొడుకునే ఊహించుకో. ఇంకెవరినీ వద్దు.

చెవులు అక్కర్లేదు. కళ్ళు చాలు. దగ్గు, జ్వరం ఉన్న పిల్లవాడి చొక్కా పైకెత్తి వెలుతురులో చూడు. ఊపిరి లోపలికి తీసినప్పుడు పొట్ట పైకి లేవాలి, డొక్కలు లోపలికి పోకూడదు. పక్కటెముకల కింది భాగం లోపలికి గుంట పడుతుంటే అది ప్రమాదం. ముక్కుపుటాలు ఎగరేస్తున్నా, గొంతు కింద గుంట లోతుగా పడుతున్నా, ఊపిరికి తల ఊగుతున్నా అంతే. పాలు తాగలేక వదిలేస్తే ఆకలి లేదనుకోకూడదు, తాగడానికి ఊపిరి చాలడం లేదని. పెదవులు, నాలుక నీలంగా మారితే ఇక ఒక్క క్షణం ఆగకూడదు. ఒళ్ళు వేడిగా ఉండి చేతులు, పాదాలు చల్లబడితే జ్వరం దిగినట్టు కాదు. నెత్తురు అక్కడిదాకా రావడం లేదని అర్థం.

ఏడ్చే పిల్లని చూసి మేము అంత భయపడం. ఏడవడానికి ఊపిరి ఉంది కదా. ఏడ్చి ఏడ్చి, తగ్గకుండానే మెత్తబడిపోయిన పిల్లని ముందు తీసుకుంటాం. లేపితే లేవాలి, కళ్ళలోకి చూడాలి. లేవకపోతే అది నిద్ర కాదు.

వీటిలో ఏ ఒక్కటి కనిపించినా మందులు, పాలు బలవంతంగా పోయకూడదు. భుజానికి ఆనించి నిటారుగా పట్టుకుని, వెచ్చగా కప్పి, వెంటనే ఆసుపత్రికి. పొద్దెక్కాక, వాన తగ్గాక, మొగుడొచ్చాక అనకూడదు. అక్కడ ఆక్సిజన్ పెడతారు, ఇంజెక్షన్ ఇస్తారు.

ఇంతే అత్తా. ఇక రాయలేను.

మోనికా


మాచ్‌ఖండ్
28 డిసెంబరు 2023

అమ్మీ,

క్రిస్మస్‌కి వస్తావని నీ గది కడిగి ఉంచాను. రాలేదు. ఇజ్రాయెల్ ఆరాధనకి కూడా రాకుండా కొండ కిందికి దింపే వించ్ బండెక్కి పవర్‌హౌస్ డ్యూటీకి పోయాడు. సెలవున్నా పోయాడు.

క్రిస్మస్ ముందు అడ్వెంటు రోజుల్లో ఒక పొద్దున్న భవాని మా ఇంటికి వచ్చింది. అల్లం కావాలట. చంకలో పిల్లవాడు దుప్పట్లో ఉన్నాడు. మాట నా వైపు తిరిగి మెల్లగా చెబుతుంది కాబట్టి ఆమె పెదవులు నాకు అర్థమవుతాయి. "రాత్రంతా ఒకటే ఏడుపండీ. ఇప్పుడే తొంగున్నాడు, అమ్మయ్య" అంది.

అమ్మయ్య అంది, అమ్మీ.

నేను దుప్పటి లాగేశాను. "తొంగున్నోణ్ణి లేపేత్తారేటండీ!" అని నా చెయ్యి తోసేసింది. నేను వినలేదు. వాణ్ణి వాకిట్లోకి పట్టుకొచ్చి చొక్కా ఎత్తాను. మంచు ఇంకా తొలగలేదు గానీ చూడ్డానికి సరిపడా వెలుతురుంది. నువ్వు రాసినట్టే ఉంది. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద ఎవరో వేలు పెట్టి నొక్కుతున్నట్టు గుంట పడుతోంది. ముక్కు ఎగరేస్తున్నాడు. పాదాలు పట్టుకుంటే చల్లగా ఉన్నాయి. చెంప తట్టాను. కళ్ళు తెరిచాడు గానీ నన్ను చూడలేదు.

పళ్ళు తోముకుంటున్న సోములు పుల్ల తీసి నా వైపు తిరిగాడు. "టీచరమ్మా, మంచులో ఘాట్ దిగితే అందరం పోతాం. కొంచెం పొద్దెక్కనీండి. నిద్దరోతన్నాడు కదా" అన్నాడు. జీపులో ఎక్కి కూర్చున్నాను, పిల్లవాడు నా భుజం మీద. "నువ్వు నడుపుతావా, నన్ను ఎత్తుకుని నడవమంటావా?" అని అరిచాను. ఎంత గట్టిగా అరిచానో నాకు తెలియదు. క్వార్టర్ల లైనులో తలుపులన్నీ తెరుచుకున్నాయి. భవాని ఏడుస్తూ ఎక్కింది. సోములు నోరు కూడా కడుక్కోకుండా బండి తీశాడు.

దారి పొడుగునా నేను వాడి మొహమే చూశాను. బయట ఏ మలుపో నాకు తెలియదు. ఒకచోట సోములు బండి ఆపి టోపీ తీసి నా వైపు చూశాడు. ఆనీ పోయింది అక్కడే కదా అనుకున్నాను. "ఆపకు, పోనీ" అన్నాను.

కింద చిన్నాసుపత్రిలో ఒక కుర్ర డాక్టరమ్మ ఉంది. నేను చెప్పేలోపే నా భుజం మీంచి వాణ్ణి తీసుకుంది. ముక్కు దగ్గర సన్నటి గొట్టం పెట్టారు. తొడకి ఇంజెక్షన్ ఇచ్చారు. నేను గోడకి ఆనుకుని నిలబడి చూశాను. పెద్ద యంత్రాలు వస్తాయేమో, పది మంది డాక్టర్లు వస్తారేమో అనుకున్నాను. ఏమీ రాలేదు. అదే గొట్టం. అదే సూది. కాసేపటికి వాడి పెదవులకి రంగు వచ్చింది. అక్కణ్ణుంచి అంబులెన్స్‌లో కొరాపుట్ పంపించారు. క్రిస్మస్‌కి ముందే ఇంటికి వచ్చేశాడు. నిన్న నా కళ్ళజోడు లాగి విసిరేశాడు.

గుడిలో పాస్టరుగారు నన్ను లేపి నిలబెట్టి ఏదో చెప్పారు. అందరి చేతులూ కదిలాయి. చప్పట్లని కాసేపటికి గాని తెలియలేదు. నాకు అక్కణ్ణుంచి పారిపోవాలనిపించింది. భవాని అత్తగారు వచ్చి నా కాళ్ళు పట్టుకుంది.

మోనికా, నువ్వు నాకు ఇచ్చిన మాట మీద అన్నాళ్ళు అన్నం తిన్నాను. ఎవరం ఏమీ చేయలేమన్నావు. పెద్దాసుపత్రిలో ఉన్నా ఆగేది కాదన్నావు. మళ్ళీ అక్టోబరులో నువ్వే అన్నీ రాశావు. తల ఊగడం, పాలు వదలడం, చల్లటి చేతులు. భవాని కొడుకునే ఊహించుకోమన్నావు. నాకు సాధ్యం కాలేదు. అయినా నీ మొదటి మాటనే పట్టుకుని ఉన్నాను. ఇప్పుడు కళ్ళారా చూశాక ఎలా పట్టుకోను?

బడిలో తప్పు లెక్కకి రైటు కొట్టేవాళ్ళు ఎందుకు కొడతారో నాకు తెలుసు. పిల్లవాడు ఏడుస్తాడని కొడతారు. నాకు అలా కొట్టొద్దు.

ఆనీ బతికేదా? ఒక్క మాటలో రాయి.

అత్త


రాయగడ
7 జనవరి 2024

అత్తా,

బతికేది.

ముందు రోజు తీసుకెళ్ళి ఉంటే బతికేది. ఆ పొద్దున్న ఇజ్రాయెల్ అడిగినప్పుడు తీసుకెళ్ళి ఉన్నా బతికి ఉండేదనే నా నమ్మకం. అంతకన్నా ఎక్కువ నిమ్ము పట్టిన పిల్లలు ఈ వార్డు నుంచి నడుచుకుంటూ ఇంటికి వెళ్ళడం చూశాను. ఎందరినో నా చేతులతోనే పంపించాను. మధ్యాహ్నానికి ఆలస్యమైపోయింది.

అడిగావు కాబట్టి రాశాను. నాలుగు నెలలుగా ఈ మాట నా నోట్లోనే ఉంది.

నీ మీద జాలితో అబద్ధం చెప్పానని నువ్వు అనుకుంటావు. జాలి ఉంది. అంతకన్నా ఎక్కువ కోపం ఉంది. సమాధుల తోటలో నీ వైపు ఎందుకు చూడలేదో తెలుసా? చూస్తే నోరు తెరుస్తానని. ఒక్కసారి తెరిస్తే ఏమేం అంటానో, వాటిని మళ్ళీ ఎప్పటికీ వెనక్కి తీసుకోలేనేమోనని. ఆ భయంతోనే "ఎవరం ఏమీ చేయలేం" అన్నాను. అది నీకు కట్టిన కట్టు కాదు, నా నోటికి కట్టుకున్నది. దసరాకి రాకపోవడం, క్రిస్మస్‌కి రాకపోవడం కూడా అందుకే. సెలవు ఉంది.

ఆ రోజు నేను బయలుదేరాను అత్తా. ఇజ్రాయెల్ జీపులోంచి ఫోన్ చేసి "పాపకి బానేదు, బేగి వచ్చీ" అన్నాడు. దొరికిన బస్సు ఎక్కాను. లక్ష్మీపూర్‌లో బస్సు ఆగినప్పుడు మళ్ళీ ఫోన్ వచ్చింది. "తొందర నేదు, నెమ్మదిగా రా" అన్నాడు. అంతే అన్నాడు. పక్క సీటావిడ వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ నాకూ కొన్ని ఇచ్చింది. తీసుకున్నాను. కొరాపుట్ దాకా గుప్పిట్లోనే ఉన్నాయి. పిల్లల ప్రాణాలు నిలబెట్టే పని నేర్చుకుని, జీతం తీసుకుంటూ, నా పిల్ల దగ్గరికి నెమ్మదిగా వెళ్ళాను.

నా జూలై ఉత్తరం గురించి నువ్వు రాసినప్పటి నుంచి అది నన్ను తింటోంది. "అదే తగ్గిపోతుంది" అని నేను కారే ముక్కు గురించి రాశాను. నువ్వు కాలే ఒళ్ళు గురించి చదువుకున్నావు. ముక్కు కారే పిల్లకి జ్వరం వస్తే ఏం చూడాలో ఒక్క వాక్యం రాయలేదు. వార్డులో ప్రతి తల్లికీ చెప్పి పంపిస్తాను. మా ఇంట్లో వాళ్ళకి తెలిసే ఉంటుందనుకున్నాను. ఎలా తెలుస్తుంది? ఎవరు చెప్పారని?

భవాని కొడుకు సంగతి చదివి మొదట సంతోషించలేదు. వాడు ఎందుకు బతకాలి అనుకున్నాను. అలా అనుకున్న నోటితోనే ఆ రోజు డ్యూటీలో ఇంకొక పిల్లకి ఆక్సిజన్ పెట్టాను. సాయంత్రానికి ఆ పాప కళ్ళు తెరిచి నన్ను చూసింది. బాత్రూంలోకి వెళ్ళి చాలాసేపు ఏడ్చాను. అప్పుడు నీ కోసం ఏడ్చాను. గోడకి ఆనుకుని నిలబడి, వాడి పెదవులకి రంగు రావడం చూసిన నీ కోసం. అది చూడ్డం ఎంత కష్టమో నాకు తెలుసు. నాకది రోజూ ఉన్నదే.

కోపం పోయిందని రాయలేను. తగ్గుతుంది, పెరుగుతుంది. కానీ ఇన్నాళ్ళూ కోపంలో కూడా నేను మాట్లాడాలనుకున్నది నీతోనే.

నిజం చెప్పిన కోడలు నీ ఇంటికి రావచ్చా? రావద్దంటే రాను.

మోనికా


మాచ్‌ఖండ్
20 జనవరి 2024

అమ్మీ,

నీ ఉత్తరం అందింది. ఇజ్రాయెల్ డ్యూటీలో ఉండగా వచ్చింది. చదివి పొయ్యి దగ్గర కూర్చున్నాను. ఆ పూట పొయ్యి వెలిగించలేదు.

నాకు తెలుసు. నీ నోటితో వినేదాకా తెలియనట్టు ఉన్నాను. ఇప్పుడు ఇంకో మార్గం లేదు. నా చేతుల్లో ఉన్న పిల్ల బతికేది, బతకలేదు. ఇంక ఎవరూ దీన్ని మార్చి చెప్పొద్దు.

వాడు రాగానే ఉత్తరం వాడి చేతికిచ్చాను. నిలబడే చదివాడు. తరువాత గోడవైపు తిరిగాడు. వాడి ఏడుపు నాకు వినపడలేదు గానీ భుజాలు కనిపించాయి. పాప పోయినప్పటి నుంచి ఆ భుజాలు ఒక్కసారైనా కదలలేదు మోనికా. అడిగినవాణ్ణి నేనే ఆపి పంపించాను కదా, ఆ మాట వాడు నన్ను ఎప్పుడూ అనలేదు. అనమన్నాను. "అనరా, ఒక్కసారి అనీరా" అన్నాను. తల అడ్డంగా ఊపాడు. నా వైపు తిరిగి, నాకు అర్థమయ్యేలా మెల్లగా, "నానూ ఎల్లిపోయేను కదమ్మా" అన్నాడు. మొదటిసారి ఇద్దరం కలిసి ఏడ్చాం.

రా. అయితే ఊరికే రావద్దు. కోపం ఉంటే కోపంతోనే రా. ఇక్కడికొచ్చి నా మొహం మీద అను. మాటలు వినపడవని దాచుకోకు, నీ మొహం చూస్తే నాకు తెలుస్తుంది. నేను పారిపోను, చెవి మిషను తీసేయను. నువ్వు అన్నీ అనేశాక ఎదురుగా కూర్చుని అన్నం తినగలిగితే తిను. తినలేకపోతే వడ్డించుకుని కూర్చో చాలు.

నీ మొగుడు రెండు రోజులు సెలవు రాయించాడు. వచ్చే శనివారం కొరాపుట్ బస్టాండుకి వస్తానన్నాడు. నేనూ వస్తాను.

అత్త